విప్పని వెనక డ్రమ్ము

మీ ఇంటి ముందు చిన్న కారు ఏదైనా ఉంటే ఒకసారి దాని పక్కన గొంతుకూర్చుని చూడండి. ముందు చక్రం కంతల్లోంచి నున్నగా మెరిసే ఇనుప పళ్లెం ఒకటి కనిపిస్తుంది. అది డిస్కు. వెనక చక్రం దగ్గరికి వెళ్లి అలాగే వంగి చూస్తే చెప్పుకోదగ్గది ఏమీ కనిపించదు. తుప్పు రంగులో, బోర్లించిన గిన్నెలాంటిది ఉంటుంది, అంతే. అది డ్రమ్ము. దాని లోపల ఏం జరుగుతోందో తెలియాలంటే జాకీ ఎత్తాలి, చక్రం ఊడదీయాలి, సుత్తితో తట్టి డ్రమ్ము బయటికి లాగాలి. ముప్పై నాలుగేళ్లు బండ్ల కింద పడుకుని బతికిన నేను ఒక రోజు ఆ పని చేయలేదు. చేసినట్టు కాగితం మీద మాత్రం రాశాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నా దగ్గర కూర్చున్నప్పుడు, మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన రిపేరు ఏదని అడుగుతారు. ఇంజన్లు విప్పి బిగించిన రోజులు, ఎవరికీ దొరకని చప్పుడును చెవితో పట్టుకున్న రోజులు చాలానే ఉన్నాయి. అవి చెబితే వాళ్లు సంతోషిస్తారు. నేను మాత్రం ఈ సంగతి చెబుతాను. సగం వినేసరికి వాళ్ల ముఖాలు కొంచెం మారతాయి. మారనివ్వండి.

అప్పుడు నేను శంషాబాద్‌లో, హైవే పక్క సర్వీసు రోడ్డు మీద ఉన్న ఒక పెద్ద గ్యారేజీలో ఫోర్‌మన్‌ను. విమానాశ్రయానికి తిరిగే క్యాబులే మాకు ఎక్కువ. ఒక క్యాబ్ కంపెనీ తన బండ్లన్నిటి సర్వీసూ మాకే అప్పగించింది. అందుకని పొద్దున ఏడింటికే గేటు ముందు తెల్ల కార్లు వరస కట్టేవి. డ్రైవర్లకు ఆగే తీరిక ఉండదు. గంటన్నరలో బండి తిరిగి ఇచ్చేయాలని మా యజమాని నియమం పెట్టాడు. ఆయన గుంటూరు వైపు మనిషి, మాట మెత్తన. నా భార్యకు కడుపు ఆపరేషన్ అయినప్పుడు తన కారులోనే దవాఖానకు తీసుకెళ్లి, సాయంత్రం దాకా బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఆయన్ని చెడ్డవాడని చెప్పడానికి నాకు నోరు రాదు.

గంటన్నరలో చిన్న కారు సర్వీసు చేయాలంటే ఎక్కడో ఒకచోట తగ్గించుకోవాలి. మేము తగ్గించుకున్నది వెనక బ్రేకుల దగ్గర. దానికి మాకు ఒక సాకు కూడా ఉండేది. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. బ్రేకు తొక్కగానే కారు బరువంతా ముందుకు ఒరుగుతుంది. ఆపే పనిలో పెద్ద భాగం ముందు చక్రాలే చేస్తాయి. అందుకే డిస్కును నొక్కి పట్టే ముందు ప్యాడ్లు తొందరగా అరుగుతాయి, వెనక డ్రమ్మును లోపలి నుంచి ఒత్తే షూలు ఏళ్ల తరబడి వస్తాయి. పదిసార్లు విప్పి చూస్తే తొమ్మిదిసార్లు లోపల అంతా బాగానే ఉంటుంది. ఆ తొమ్మిదిసార్లే మమ్మల్ని చెడగొట్టాయి. మెల్లమెల్లగా విప్పడం మానేశాం. బండికి చేసిన పనులు రాసే జాబ్ కార్డు మీద "వెనక బ్రేకులు చూశాం, బాగున్నాయి" అన్న గడిలో టిక్కు పెట్టడం మాత్రం మానలేదు.

మానని మనిషి ఒక్కడే ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్దవాడు, పాతబస్తీ నుంచి బస్సులో వచ్చేవాడు. మేమంతా ఉస్తాద్ అనేవాళ్లం. డ్రమ్ము మీద చిన్న సుత్తితో నాలుగు వైపులా తట్టి, తల వంచి వినేవాడు. లోపలి నల్ల దుమ్మును నోటితో ఊదనిచ్చేవాడు కాదు. తడిబట్టతో తుడిచేవాడు. ఒక్కో బండికి ఈ ఒక్క పనికే నలభై నిమిషాలు పట్టేది. యజమాని విసుక్కుని ఆయన్ని పాత బండ్లు వచ్చే షెడ్డు చివరికి మార్చాడు. ఆయన అలగలేదు. తన డబ్బా తీసుకుని వెళ్లి అక్కడ కూర్చున్నాడు.

ఒకసారి నాతో అన్నాడు: "ముంగట బ్రేకు అందరికీ కనవడ్తది బేటా. డ్రైవర్ చూస్తడు, మాలిక్ చూస్తడు, గాలి కొట్టేటోడు గూడ చూస్తడు. ఎనుకది మనం చూడకపోతె ఇంకెవ్వడు చూడడు."

నేను నవ్వి, "నీకు టైముంది ఉస్తాద్, నాకు లేదు" అన్నాను.

ఆమె వచ్చింది ఎండలు ముదురుతున్న రోజుల్లో. శంషాబాద్ పాత ఊళ్లో ఇల్లు. ముప్పై అయిదేళ్లుంటాయేమో. బడి వ్యానులో పిల్లల్ని ఎక్కించి దింపే ఆయాగా పని చేస్తూ, ఆ వ్యాను డ్రైవరు దగ్గరే స్టీరింగు నేర్చుకుందట. తర్వాత క్యాబు తీసుకుని ఆ కంపెనీకే నడిపేది. ఒంటరిగా ప్రయాణం చేసే ఆడవాళ్లు ఆమె నంబరు దాచుకుని పిలిచేవాళ్లు. నాలుగేళ్లలో ఆమె బండికి గీత పడలేదు. మా దగ్గరికి వచ్చే డ్రైవర్లలో, పనయ్యేదాకా బండి పక్కనే నిలబడి చూసేది ఆమె ఒక్కతే. అది నాకు కొంచెం చికాకుగానే ఉండేది. నిజం చెప్పాలి కదా.

"అన్నా, హ్యాండ్ బ్రేకు సరిగ పడ్తలేదు" అంది. "చడావు మీద ఆపితె బండి మెల్లగ ఎనుకకు జారుతుంది. జర ఎనుక విప్పి చూడు."

"ఎంత గుంజుతున్నవమ్మా?"

"మొత్తం గుంజుతున్న. చెయ్యి నొస్తుంది."

"గట్లయితె వైరు సాగినట్టుంది. టైట్ చేస్త."

"వైరేనంటవా? బ్రేక్ ఆయిల్ గూడ తగ్గుతుంది. పోయిన వారమే పోసిన, మళ్ల కిందికి దిగింది."

ఇక్కడ జర ఆగండి. నాకు తెలిసిన సగం విద్య ఆమె మీద ఎలా ఉపయోగించానో చెప్పాలి. ముందు ప్యాడ్లు అరిగితే డబ్బాలో బ్రేక్ ఆయిల్ మట్టం కొంచెం దిగుతుంది. అది నిజమే. ముందు చక్రం విప్పి చూశాను. ప్యాడ్లు నిజంగానే అరిగాయి. ఆమెకు చూపించి, "ఇగో, ఇవి అరిగినయ్, గందుకే ఆయిల్ దిగింది. మామూలే" అన్నాను. వారం కిందట పోసిన ఆయిల్ వారంలోనే తగ్గిందంటే అది అరుగుదల కాదు, ఎక్కడో కారుతోంది అన్న మాట నాకు తట్టాలి. తట్టలేదంటే నమ్మకండి. తట్టింది. నేనే పక్కకు నెట్టేశాను. ఆ రోజు పదకొండింటికి క్యాబ్ కంపెనీ మనిషి వస్తున్నాడు, ఇంకా ఆరు బండ్లున్నాయి.

ఉస్తాద్ షెడ్డు చివర నుంచి సుత్తి చేతిలో పట్టుకుని వచ్చాడు. ఆమె మాట ఆయన చెవిన పడినట్టుంది. "విప్పాల్నా?" అన్నాడు.

"వద్దు ఉస్తాద్, అయిపోయింది."

ముందు కొత్త ప్యాడ్లు వేశాను. సీట్ల మధ్య హ్యాండ్ బ్రేకు దగ్గర మూత తీసి, వైరు బిగించే నట్టును నాలుగు చుట్లు తిప్పాను. లివరు గుంజితే గట్టిగా ఆగింది. ఇద్దరు కుర్రాళ్లు వెనక నుంచి తోసినా బండి కదల్లేదు. మా గ్యారేజీ నేల అద్దంలా చదును. చదును నేల మీద నిలబడడానికి ఏ బండికైనా పెద్ద బ్రేకు అక్కర్లేదు. ఆ సంగతి ఆ నిమిషంలో నేను గుర్తు చేసుకోలేదు. గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాను.

"పక్కా కదా అన్నా?" అందామె తాళం తీసుకుంటూ.

"పక్కా."

తొమ్మిదో రోజు మధ్యాహ్నం యజమాని నన్ను లోపలికి పిలిచాడు. ఫోను ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

రాజేంద్రనగర్ దగ్గర గుట్ట మీద కట్టిన ఒక కాలనీలో, ఎత్తుగా ఎక్కే వీధిలో ఆమె బండి ఆపింది. విమానాశ్రయానికి వెళ్లాల్సిన కుటుంబం. ఎండగా ఉందని ముసలమ్మను ముందే వెనక సీట్లో కూర్చోబెట్టారు. ఆమె కోసం ఏసీ నడవాలని ఇంజను ఆపలేదు. న్యూట్రల్లో ఉంచి, హ్యాండ్ బ్రేకు గుంజి, డ్రైవరు దిగింది. డిక్కీ తెరిచి సూట్‌కేసు ఎత్తి పెడుతుండగా బండి వెనక్కి జారింది. వెనక గేటు స్తంభం ఉంది. స్తంభానికీ బంపరుకూ మధ్య ఆమె ఎడమ కాలు ఇరుక్కుంది. లోపలున్న ముసలమ్మకు ఏమీ కాలేదు. చుట్టుపక్కల వాళ్లు పరుగెత్తుకొచ్చి బండిని ముందుకు తోశారు. ఎవరో లోపలికి చెయ్యి పెట్టి లివరు కిందికి దించారు. ఎవరు దించారో, దించక ముందు అది పైకి ఉందో లేదో ఆ కంగారులో ఎవరూ చూడలేదు.

మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది.

నాకు మొదట వచ్చిన ఆలోచన ఆమె కాలు గురించి కాదు. జాబ్ కార్డు గురించి. నేను ఇది ఎవరికీ చెప్పుకునేవాణ్ణి కాదు. వయసు మీద పడ్డాక చెప్పడం కొంచెం తేలికైంది.

"హ్యాండ్ బ్రేకు వేయడం మరిచిపోయిందట అండీ" అన్నాడు యజమాని. "ఆ ఇంటివాళ్లు కంపెనీకి అలాగే చెప్పారు. ఆమె మాత్రం వేశాననే అంటోందట. కంపెనీ వాళ్లు ఆమెను డ్యూటీ నుంచి ఆపేశారు. రేపు ఇన్సూరెన్స్ సర్వేయరు వస్తాడు. బండిని మన దగ్గరికే తెస్తున్నారు."

"మన దగ్గరికెందుకు సార్?"

"చివరిసారి సర్వీసు చేసింది మనమే కదండీ."

సాయంత్రం బండి వచ్చింది. వెనక బంపరు సొట్ట పోయి ఉంది. డిక్కీలో ఒక చెప్పు పడి ఉంది. ఆమెదే అనుకుంటాను. తీసి పక్కన పెట్టాను. ఇంటికి పోతూ దారంతా ఒకటే అనుకున్నాను. న్యూట్రల్లో ఎందుకు పెట్టాలి, గేరులో పెట్టి ఇంజను ఆపితే పోయేది కదా. చక్రం ఒక పక్కకు తిప్పి ఆపితే పోయేది కదా. ఇంత తెలిసిన డ్రైవరు అయ్యుండి అలా ఎందుకు చేసింది. ఇలా ఆమె తప్పులు వెతుకుతూ పోతుంటే నాకు కొంచెం ఊపిరి ఆడినట్టుండేది. మళ్లీ వెంటనే "ఎనుక విప్పి చూడు" అన్న ఆమె మాట వినబడేది.

మర్నాడు ఎవరూ రాకముందే గ్యారేజీకి చేరాను. ఉస్తాద్ నాకంటే ముందే వచ్చి, ఆ బండి ఎడమ వెనక చక్రం కింద జాకీ పెట్టి, నా కోసం కూర్చుని ఉన్నాడు. నేను నట్లు విప్పాను, ఆయన డ్రమ్ము తట్టాడు. డ్రమ్ము బయటికి వచ్చింది.

లోపల తడిగా ఉంది. పైన ఉండే చిన్న సిలిండరు రబ్బరు చిరిగి, బ్రేక్ ఆయిల్ షూల మీదికి కారి, అరిగిన దుమ్ముతో కలిసి నల్లటి బురదలా అంటుకుంది. షూ డ్రమ్మును రాపాడి పట్టుకుంటేనే చక్రం ఆగుతుంది. నూనెలో తడిసిన షూ ఎంత ఒత్తుకున్నా జారుతుంది. వైరు నాలుగు చుట్లు కాదు, నలభై చుట్లు బిగించినా అంతే. కుడివైపు కూడా విప్పాం. అక్కడ తడి లేదు కానీ, షూలను డ్రమ్ముకు దగ్గరగా జరిపే చిన్న కడ్డీ దుమ్ము పట్టి బిగుసుకుపోయింది. ఆ షూలు డ్రమ్మును సరిగ్గా అందుకోవడం లేదు.

ఉస్తాద్ ఆ బురదను వేలితో తీసి నాకు చూపించాడు. తర్వాత బట్టకు తుడుచుకున్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

యజమాని వచ్చి మా వెనక నిలబడ్డాడు. ఆయనకు బండ్ల పని లోతుగా తెలియదు కానీ తడి చూస్తే అర్థమయ్యేంత తెలుసు. మెల్లగా అన్నాడు: "దీన్ని శుభ్రం చేసి, కొత్త షూలు వేసి మూసేయండి. సర్వేయరు వెనక విప్పడు. ఎవరూ విప్పరు, మీకూ తెలుసు."

"సార్, ఆ అమ్మ..."

"ఆవిడ ఆసుపత్రి ఖర్చు నేను పెట్టుకుంటాను. మాట ఇస్తున్నాను. కానీ ఈ కంపెనీ పోతే ఇక్కడ పద్నాలుగు మంది పని పోతుంది. మీరు ఫోర్‌మన్. మీరే చెప్పండి."

ఆయన బెదిరించలేదు. నిజంగానే అడిగాడు. నేను డ్రమ్ములు తిరిగి పెట్టేశాను. షూలు తుడవలేదు, కొత్తవి వేయలేదు. చెప్పాలన్న తెగింపు ఉండి అలా చేశానని అనుకోకండి. చెప్పాలో దాచాలో తేల్చుకోలేక ఉన్నది ఉన్నట్టు మూశాను. అంతే.

పదిన్నరకు సర్వేయరు వచ్చాడు. వయసులో చిన్నవాడు, ఇస్త్రీ చొక్కా, చేతిలో అట్ట. బండి చుట్టూ తిరిగి ఫొటోలు తీశాడు. జాబ్ కార్డు అడిగాడు. గడిలో టిక్కు చూశాడు.

"మీ సంతకమేనా?"

"నాదే సార్."

"వెనక బ్రేకులు చూశారు కదా?"

నేను తల ఊపాను. ఊపానన్నది నిజం. ఇది కూడా దాచను.

ఆయన లోపల కూర్చుని హ్యాండ్ బ్రేకు గుంజాడు. దిగి, బానెట్ మీద రెండు చేతులు పెట్టి తోశాడు. చదును నేల మీద బండి కదల్లేదు. "బాగానే పట్టింది" అన్నాడు. "ఆవిడ వేయలేదన్నమాట." జేబులోంచి పెన్ను తీసి అట్ట మీద రాయడం మొదలుపెట్టాడు.

ఆ రాతలో ఆమె మాట పోతుందని నాకు అప్పుడు అర్థమైంది. కాలు ఎలాగూ విరిగింది. ఇక నాలుగేళ్ల ఆమె పేరు, వేశానని ఆమె అంటున్న మాట, రేపు మళ్లీ స్టీరింగు పట్టుకునే దారి, అన్నీ ఈ కుర్రవాడు రాసే రెండు వాక్యాల్లో పోతాయి. నా చదును నేల దానికి సాక్ష్యం.

"సార్, ఆగండి" అన్నాను. "వెనక విప్పి చూడండి."

"ఎందుకు? మీరు చూశారు కదా?"

"చూడలేదు సార్. రాసిన గాని చూడలే. ఆ అమ్మ ఎనుక చూడమనే చెప్పింది. నేను ముంగట ప్యాడ్లు మార్చి, వైరు గుంజి పంపిన."

గ్యారేజీలో పానాల చప్పుడు ఆగిపోయింది. యజమాని తన గది తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన ముఖం చూడలేదు. చూస్తే మాట ఆగిపోతుందేమోనని భయం.

ఉస్తాద్ వచ్చి నా పక్కన గొంతుకూర్చుని చక్రం విప్పడం మొదలుపెట్టాడు. డ్రమ్ము తీశాక సర్వేయరు వంగి చూశాడు. ఫొటోలు తీశాడు. షూ మీద వేలు పెట్టి, "ఇది ఎన్నాళ్ల నుంచి కారుతూ ఉంటుంది?" అని అడిగాడు.

"వారాలే అయ్యుంటది సార్. ఆమె మా దగ్గరికి రాకముందు నుంచే."

ఆయన ముందు రాసిన కాగితం మడిచి, కొత్త కాగితం తీశాడు.

తర్వాతి సంగతులు తొందరగా చెప్పేస్తాను. క్యాబ్ కంపెనీ ఆమె మీద వేసిన నిషేధం తీసేసింది. మా గ్యారేజీకి బండ్లు పంపడం మానేసింది. పద్నాలుగు మందిలో అయిదుగురు నెల తిరక్కుండా వేరే చోట్ల పని వెతుక్కోవాల్సి వచ్చింది. వాళ్లలో ఇద్దరు ఇప్పటికీ నాతో మాట్లాడరు. వాళ్ల కోపం తప్పని నేననను. యజమాని నన్ను పనిలోంచి తీయలేదు. దవాఖాన ఖర్చు విషయంలో కూడా మాట తప్పలేదు. కానీ నన్ను సామాన్ల గదిలో కూర్చోబెట్టి, ఫోర్‌మన్ పని ఇంకొకరికి ఇచ్చాడు. మూడు నెలలు నట్లూ బోల్టులూ లెక్కపెట్టి నేనే మానేశాను. వెళ్లే రోజు చెప్పడానికి ఆయన గదికి వెళ్తే, "ఆ పొద్దున నేను అడిగినప్పుడే దాచొద్దని మీరు చెప్పి ఉంటే నేనే సర్వేయరుకు చూపించేవాణ్ణేమో" అన్నాడు. చూపించేవాడో కాదో నాకు తెలియదు. ఆయనకూ తెలియదనుకుంటాను.

సర్వేయరు వచ్చి వెళ్లిన వారానికి ఆమె ఇంటికి వెళ్లాను. చిన్న ఇల్లు, ముందు వాకిట్లో మంచం మీద ఆమె. ఎడమ కాలుకు తొడ దాకా కట్టు. వాళ్లమ్మ నాకు కుర్చీ వేసి చాయ్ తెచ్చింది. తప్పు చేసింది నేనేనని ఆ పెద్దావిడకు తెలిసినట్టు లేదు. తెలిసి ఉంటే చాయ్ ఇచ్చేదా అనుకుంటూ తాగాను.

క్షమించమని అడగడానికి మాటలు వెతుక్కుంటుంటే మంచం మీంచి ఆమే మొదలుపెట్టింది.

"అన్నా, ఒకటి సమజ్ చెయ్యి. ముంగట కొత్తగ ఏసినవ్ గద. బండి ఎందుకు ఆగలే?"

మంచం పక్కనున్న పళ్లెమూ, అన్నం గిన్నె మీది లోతు మూతా తీసుకుని చెప్పాను. పళ్లెం నిలబెట్టి రెండు వైపుల నుంచి వేళ్లతో నొక్కాను. ముందు బ్రేకు ఇట్లా పట్టుకుంటుంది. లోతు మూతలో పిడికిలి పెట్టి వేళ్లు బయటికి తెరిచాను. వెనకది ఇట్లా లోపలి నుంచి ఒత్తుకుంటుంది. కాలితో తొక్కితే నాలుగు చక్రాలూ పట్టుకుంటాయి. చేత్తో గుంజే బ్రేకు వైరు మాత్రం వెనక రెండింటికే పోతుంది. ముందు చక్రాలకు దానితో సంబంధమే లేదు. నువ్వు దిగిపోయాక ఆ బండిని ఆపి ఉంచాల్సింది ఆ వెనక గిన్నెలే.

ఆమె పళ్లెం వైపూ మూత వైపూ మార్చి మార్చి చూసింది. డ్రైవరు కదా, పట్టేసింది.

"అంటే, నేను హ్యాండ్ బ్రేకు అన్న దినమే నువ్వు ఎనుక విప్పాలె."

"అవును."

"మరి ముంగట ఎందుకు విప్పినవ్?"

ఆ ప్రశ్నకు ఎన్ని జవాబులు ఉన్నాయో నాకు తెలుసు. బండ్లు ఎక్కువ, టైము తక్కువ, యజమాని నియమం, ప్యాడ్లు నిజంగా అరిగాయి. అన్నీ నోటి దాకా వచ్చాయి.

"ముంగటిది విప్పుడు అల్కగ ఉంటదమ్మా" అన్నాను. "నీకు చూపెట్టనీకి గూడ మంచిగుంటది."

ఆమె నా చేతిలోంచి మూత తీసుకుని గిన్నె మీద పెట్టింది. గాలికి తలుపు పరదా ఊగుతోంది. లోపల వాళ్లమ్మ ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది.

"సర్వేయరు ముంగట నిజం చెప్పినవంట" అంది. "కంపెనోళ్లు నా ఐడీ మళ్ల తెరిచిన్రు. దానికి షుక్రియా. కానీ అన్నా, నేను గూడ నిజమే చెప్పిన గద. నీకంటె పది దినాల ముందుగాల చెప్పిన. నా నిజానికి ఎవ్వడు కాగితం తియ్యలే."

లేచి వచ్చేటప్పుడు, కాలు బాగయ్యాక బండి తెస్తే నేను దగ్గరుండి చూస్తానన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. కోపంగా కాదు. "నీ మీద గుస్సా ఏం లేదు. బండి మాత్రం నీకియ్య" అంది.

సర్వీసు చివరి ఆరేళ్లు తుక్కుగూడలో, శ్రీశైలం రోడ్డు మీద ఒక చిన్న షెడ్డులో పని చేశాను. రోజుకు నాలుగు బండ్లు, అంతకన్నా ఎక్కువ పట్టేవాణ్ణి కాదు. వచ్చిన ప్రతి చిన్న కారుకూ వెనక డ్రమ్ములు విప్పేవాణ్ణి. హారన్ పని చేయట్లేదని వచ్చినవాడికి కూడా విప్పేవాణ్ణి. కొందరు తిట్టుకుని వెళ్లిపోయేవాళ్లు. ఉస్తాద్ కొన్నాళ్లు నాతో ఉండి, కళ్లకు పొర కమ్మాక మానేశాడు. వెళ్లేముందు సుత్తి నాకిచ్చి, "ఇప్పుడు చెవి నీది" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

మీరు ఈ పనిలోకి వచ్చిన కొత్తల్లో ఇలాంటి షెడ్డే దొరకాలని లేదు. గంటన్నర నియమం ఉన్న చోటే దొరకవచ్చు. అప్పుడు ఏం చేయాలో చెప్పేంత పెద్దరికం నాకు లేదు. ఒక్కటి మాత్రం చెబుతాను. బండి నడిపే మనిషి "వెనక" అంటే వెనకే చూడండి. వాళ్లకు దాని పేరు తెలియకపోవచ్చు. రోజూ దాని మీద కూర్చునేది వాళ్లు.

ఆమె ఏడు నెలలకు మళ్లీ బండెక్కింది. ఎడమ కాలు కొంచెం ఈడుస్తుంది. క్లచ్ తొక్కాల్సిన అవసరం లేని బండి తీసుకుంది. విమానాశ్రయం వైపు వెళ్తూ మా షెడ్డు ముందు నుంచి పోతే హారన్ కొట్టేది. ఆగేది కాదు.

కానీ ఒక వింత గమనించాను. మహేశ్వరం వైపు నుంచి, శంషాబాద్ నుంచి కొత్త కొత్త డ్రైవర్లు నా షెడ్డుకు రావడం మొదలుపెట్టారు. ఎవరు పంపారంటే ఆమె పేరే చెప్పేవాళ్లు. ఆడ డ్రైవర్లు ముగ్గురు, ఆమె మేనల్లుడు, ఇంకా ఎవరెవరో. తన బండి మాత్రం ఒక్కసారి కూడా తేలేదు.

నేను పని మానేసే నెలలో ఒక రోజు ఆమె ఆగింది. తన పనికి కాదు. తోవలో బండి మొరాయించిన ఒక కొత్త డ్రైవరమ్మను వెంట తీసుకొచ్చింది. ఆ అమ్మాయి బండిని నేను జాకీ మీదికి ఎత్తుతుంటే ఆమె స్టూలు మీద కూర్చుని చూస్తోంది. ఎన్నాళ్ల నుంచో అడగాలనుకుంటున్నది అప్పుడు అడిగేశాను.

"అందర్నీ నా తానకే పంపుతవ్. నీ బండి ఎందుకు తేవు?"

ఆమె నవ్వింది. మొహమాటం లేని నవ్వు.

"వాళ్లకు నువ్వు కొత్త మిస్త్రీవి అన్నా" అంది. "నాకు పాతోనివి."

నాకూ నవ్వొచ్చింది. అందులో కాదనడానికి ఏమీ లేదు. వంగి, వెనక చక్రం నట్లు విప్పడం మొదలుపెట్టాను.